కాటా గది

రాత్రి రెండున్నరకి కాటా ఎక్కుతుంది మొదటి లారీ.
పూర్ణా మార్కెట్ సరుకు. ఎనిమిది వేల ఆరువందల నలభై.
కిటికీ సందులోంచి
కుళ్ళిన దోసకాయ, నలిగిన కొత్తిమీర,
పులిసిన బెల్లప్పాకం వాసన.

ఈ ఊరు నాకు బరువుల్లో తెలుసు.
సోమవారం రొయ్యతొక్కలు తూగుతాయి.
ఎండలు ముదిరితే బీచ్ రోడ్డు బండి నిండా
తాగేసిన బొండాలు.
మధురవాడ అపార్ట్‌మెంట్ల బళ్ళు
ఏనుగుల్లా వచ్చి దూదిలా తూగుతాయి:
అట్టపెట్టెలు, థర్మోకోల్, బుడగల కవర్లు.
కొన్న వస్తువు కన్నా దాని చొక్కా పెద్దది.

నేను చేరిన ఏడు రాత్రికి నలభై లారీలు.
ఇప్పుడు తొంభై.
ఊరు ఎదుగుతోందని పేపర్లో రాస్తే
రసీదు పుస్తకం తిరగేసి
అవునంటాను.

వెనకాల ఆ గుట్ట ఉంది చూశారూ,
కొత్త డ్రైవర్లు దాన్ని కూడా
కాపులుప్పాడ కొండల్లో ఒకటనుకుంటారు.
నూకరత్నానికి అందులో పొరలు తెలుసు.
"ఇది హుద్‌హుద్ ఏడు బాబూ, అన్నీ రేకులూ గాజుపెంకులే.
ఇది నోట్లు రద్దయిన సలికాలం, ఏటీ దొరకలేదు.
ఇదిగో, ఇక్కడ్నించి మూతిగుడ్డలు."
ఇరవై రెండేళ్ళు ఇనప కొక్కెంతో
ఆ పుస్తకం చదివింది.

తర్వాత పొయ్యి వచ్చింది. పొగగొట్టం వచ్చింది.
చెత్తని కరెంటు చేస్తారన్నారు, మంచిదే అన్నాం.
వాటితోపాటు కంచె కూడా వచ్చింది.
కార్డున్నవాళ్ళే లోపలికి.
నీళ్ళసీసా ఒకటే, గేటుకి ఇవతల బియ్యం,
అవతల వేడి.
ఆమెని ఆపమన్న కాగితం
నా టేబుల్ మీంచే వెళ్ళింది. స్టాంపు నాదే.

వాయుగుండం పట్టిన నాలుగో రోజు
పొయ్యి మొరాయించింది.
లారీలు బరువుగా వస్తున్నాయి, అంతా నీళ్ళ బరువు.
ఇంజనీరు పట్నాయక్ గారు హెల్మెట్ తీసి
తల పట్టుకుని నిలబడితే
కంచెకి అవతల గోనె కప్పుకుని నూకరత్నం:
"సద్దన్నమూ సిత్తుకాయితమూ ఒకే సంచిలో ఎట్టి పంపితే
నిప్పు మాత్రం ఏటి సేస్తాది?"

కంచె కిందనించి చెయ్యి పెట్టి
గుప్పెడు తీసి పిండింది.
"ఇది మండదు, మగ్గబెట్టండి, గేసొస్తాది.
ఇదైతే మండుతాది.
ఇది మండితే మాత్రం మన గుండెల్లోకే ఒస్తాది, తీసెయ్యండి."
ల్యాబ్ రిపోర్టు మూడు గంటల తర్వాత వచ్చింది.
గీతలు గీసి, అంకెలు వేసి
అదే మాట అంది.

ఇప్పుడు బెల్టు దగ్గర పదకొండుమంది ఆడవాళ్ళు.
నూకరత్నం మెళ్ళో కార్డు. హోదా: సెగ్రిగేటర్.
నాచేత రెండుసార్లు చదివించుకుంది,
మూడోసారి నవ్వింది.
మొదటి రోజు డ్యూటీ దిగాక
లారీల కాటా మీదెక్కి నిలబడింది.
"తూయి బాబూ."

ఈ కాటాకి ఇరవై కిలోల లోపు తేడా తెలీదు.
నలభై అని చూపించింది.
"నలబయ్యేనా? కొక్కేన్తో కలిపినా?"
నేను రసీదు కొట్టలేదు.
ఏమని కొట్టను,
లోపలికి వచ్చినదనా, బయటికి వెళ్ళినదనా?

తెల్లారగట్ల బూడిద లారీ వెళ్తుంది.
దాన్నీ తూస్తాను.
నూరు పాళ్ళు లోపలికెళ్తే ఇరవై బయటికొస్తాయి.
మిగతా ఎనభై ఆవిరైందో, పొగైందో,
ఏ మేడమీద ఏ ఫ్రిజ్జులో హోరుమంటోందో
నా పుస్తకంలో గడి లేదు.
కరెంటుకి వాసన ఉండదు.
ఎవరి అరటితొక్కో ఎవరి దీపమో ఎవరూ అడగరు.

నాలుగున్నర. జాలారిపేట బండి.
తొమ్మిది వేల రెండొందలు.
ఇవాళ కూడా
తడీ పొడీ కలిపే కట్టారు.